బిడ్డకు ముందు బాలింత



డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ గారిని తలుచుకుంటూ మాట్లాడమని మీరు నన్ను పిలిచారు. పసిబిడ్డల వైద్యం చేసుకుంటూ బతికిన నాకు ఇంతకన్నా గౌరవం లేదు. 1906లో తెలుగువారికి విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి దొరికింది. ఆ మండలికి ప్రాణం పోసిన కొమర్రాజు లక్ష్మణరావు పంతులు గారింట అదే ఏడు ఈమె పుట్టారు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసిన భండారు అచ్చమాంబ ఈమెకు మేనత్త. లోకంలోని శాస్త్రమంతా తెలుగులో దొరకాలని తండ్రి తపించారు. కూతురు వైద్యం చదివి, విజయవాడలో స్త్రీలకు వైద్యం చేసి, ఆ తపనను పురిటి గది దాకా తీసుకువెళ్ళారు. 1957లో విజయవాడ ఓటర్లు ఆమెను లోక్‌సభకు పంపారు. 1964లో ఆమె కన్నుమూశారు.

ఆమె రాసిన పుస్తకం ప్రసూతి గురించీ శిశుపోషణ గురించీ. ఆ రెండూ ఒకే అట్టల మధ్య ఉండటం నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. ఆ తర్వాత మన వైద్యం వాటిని విడదీసింది. తల్లికి ఒక డాక్టరు, బిడ్డకు ఒక డాక్టరు. తల్లి ఒక అంతస్తులో, బిడ్డ మరో అంతస్తులో. ఇంటికి వచ్చాక చుట్టాలందరూ బిడ్డను చూడటానికే వస్తారు. బిడ్డ బరువు ఎంత, రంగు ఎవరిది, ముక్కు ఎవరిది అని అడుగుతారు. రాత్రి నిద్ర పట్టిందా అని బాలింతను అడిగేవాళ్ళు తక్కువ.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పసిబిడ్డకు మనం చేయగలిగిన మంచి దాదాపు అంతా తల్లి చేతుల మీదుగానే బిడ్డకు చేరుతుంది. ఆ చేతులకు బలం ఇవ్వకుండా బిడ్డను కాపాడాలని చూడటం వల్లనే మన కష్టాల్లో సగం వస్తున్నాయి. కాన్పు తర్వాతి ఆరు వారాలు బాలింతను ఒంటరిగా వదలకుండా చూసుకోవడం ఇంటి బాధ్యత, ఆసుపత్రి బాధ్యత, ప్రభుత్వ బాధ్యత.

మొదటి గంట, మొదటి వారం

కడుపులో వెచ్చగా ఉన్న బిడ్డ తడి ఒంటితో మన గదిలోకి వస్తుంది. ఒంటి మీది తడి ఆరుతూ ఉంటే వేడి పోతుంది. మనలా వణికి వేడి పుట్టించుకోవడం బిడ్డకు చేతకాదు. మెడ దగ్గర, భుజాల మధ్య ఉండే ఒక ప్రత్యేకమైన కొవ్వును ఖర్చు చేసుకుని వెచ్చగా ఉండాలని చూస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ కొవ్వు కూడా చాలినంత ఉండదు. అందుకే పుట్టగానే పొడిబట్టతో తుడిచి, తల్లి గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పమంటాం. తొలి స్నానానికి కనీసం 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వెచ్చదనానికి తల్లి ఒంటిని మించిన యంత్రం ఇంతవరకూ రాలేదు.

ఆ గుండెల మీదనే బిడ్డ రొమ్ము వెతుక్కుంటుంది. గంటలోపు ముర్రుపాలు అందాలి. పసుపు రంగులో, చిక్కగా, చెంచాల లెక్కన వచ్చే ఆ పాలలో రోగాన్ని అడ్డుకునే పదార్థాలు నిండుగా ఉంటాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి 88కి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. కానీ పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన బిడ్డలు నూటికి 42 మందే. కాన్పు ఆసుపత్రికి చేరింది గానీ, చేరినంత మాత్రాన తల్లీబిడ్డలు ఒక్కచోటికి చేరలేదు. అదే సర్వేలో సిజేరియన్ కాన్పులు దేశం మొత్తం మీద నూటికి 21.5 ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. ఆపరేషను అవసరమైన చోట అది ప్రాణం పోస్తుంది, దాని విలువ నాకు తెలుసు. అయితే ఆపరేషనైన తల్లి ఒక పక్కకు తిరగాలన్నా మరొకరి చెయ్యి కావాలి. ఆమె ఒళ్ళోకి బిడ్డను అందించే మనిషి లేకపోతే ఆ మొదటి గంట ఊరికే జారిపోతుంది.

రెండో రోజు ప్రతి వార్డులోనూ వినపడే మాట ఒకటుంది: "పాలు పడలేదండీ." చాలామంది తల్లులకు రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల పాలు నిండుగా పడతాయి. అప్పటిదాకా ముర్రుపాలే చాలు. పుట్టిన బరువులో నూటికి ఏడు వంతుల దాకా మొదటి రోజుల్లో తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా ఆ బరువు తిరిగి వస్తుంది. ఈ సంగతి కాన్పుకు ముందే తల్లికీ అమ్మమ్మకూ నాయనమ్మకూ చెప్పి ఉంచితే కంగారు ఉండదు. చెప్పకపోతే రెండో రాత్రి బిడ్డ ఏడుపుకి ఇంటిల్లిపాదీ బెదిరిపోతారు. ఎవరో ఒకరు పోయి పాలడబ్బా తెస్తారు. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము పట్టదు. బిడ్డ చీకకపోతే పాలు ఊరవు. ఊరకపోయేసరికి "చెప్పాం కదా, పాలు లేవు" అని తీర్పు వచ్చేస్తుంది. అలా తప్పు తల్లి మీద పడుతుంది.

పాలు ఊరడానికి బిడ్డ చీకడం ఎంత అవసరమో, పాలు చేపడానికి తల్లి మనసు కుదురుగా ఉండటం అంత అవసరం. నొప్పి, భయం, అవమానం ఉన్నప్పుడు పాలను బయటికి నెట్టే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వెనకాడుతుంది. "ఈమెకు చేతకాదు" అని వినపడేలా అన్న ఒక్క మాట రొమ్ములోని పాలను ఆపగలదు. ఇది కవిత్వం కాదు, శరీరధర్మం. ఒక పూట వేడి అన్నం పెట్టి, వీపు వెనక దిండు సర్ది, బిడ్డ నోరు పెద్దగా తెరుచుకుని చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా పట్టేలా చూపించే నర్సు ఆ డబ్బాను చాలా ఇళ్ళల్లోకి రాకుండా ఆపగలదు. పాలు చాలుతున్నాయా అన్న అనుమానం తీరడానికి ఏడుపును లెక్కపెట్టక్కర్లేదు. అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఒంటేలు పోసుకుంటూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే.

పాలడబ్బాల ప్రకటనల్ని, ఉచిత నమూనాల్ని నిషేధిస్తూ 1992లోనే మన పార్లమెంటు చట్టం చేసింది, 2003లో దాన్ని ఇంకా బిగించింది. ఆ చట్టం మంచిదే. కానీ డబ్బా ఇంట్లోకి వచ్చే దారి చాలాసార్లు తల్లి అలసట మీదుగానే ఉంటుంది. ఆ అలసటను తీర్చే బాధ్యత ఏ చట్టమూ తీసుకోలేదు. నిజంగా పాలు చాలని తల్లులూ, జబ్బు వల్ల పాలివ్వలేని తల్లులూ ఉన్నారు. వారికి డాక్టరు సలహా మీద మరో దారి చూపించాలి గానీ నింద వేయకూడదు.

పురిటి ఆచారాల్లో తాలూ గింజా

మన ఇళ్ళల్లో బాలింత చుట్టూ పెద్ద ఏర్పాటే ఉండేది. తొలిచూలు కాన్పుకి పుట్టింటికి రావడం, పదకొండో రోజు పురుడు, ఇరవయ్యొకటో రోజు బారసాల, నలుగు, సాంబ్రాణి పొగ, కాయం, పథ్యం, కాళ్ళు చాపుకుని వాటి మీద బిడ్డను పడుకోబెట్టి నీళ్ళు పోసే పెద్దావిడ. వైద్యవిద్య చదివినవాళ్ళు దీన్నంతా మూఢత్వమని కొట్టిపారేయడమూ, ఇంట్లో పెద్దవాళ్ళు అంతా శాస్త్రమేనని మొండికేయడమూ రెండూ సరికావు. చెరిగి చూసుకోవాలి.

ముందు వదలవలసినవి. ముర్రుపాలు పిండి పారబోయడం. తేనె నాకించడం; ఏడాది లోపు బిడ్డకు తేనె వల్ల బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. పంచదార నీళ్ళు, ఆముదం, వస కలిపిన ఉగ్గు పట్టడం; ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. బొడ్డు మీద పసుపో బూడిదో అద్దడం. బొడ్డును పొడిగా, శుభ్రంగా వదిలేస్తే దానంతట అదే ఎండి రాలిపోతుంది. పసిబిడ్డ రొమ్ములు ఉబ్బితే పిండడం. తల్లి హార్మోన్ల వల్ల వచ్చిన ఆ ఉబ్బు తనంతట తానే తగ్గుతుంది, పిండితే చీము పడుతుంది. స్నానం చేయించేటప్పుడు ముక్కులో ఊదడం, చెవుల్లో నూనె పోయడం, కళ్ళకు కాటుక దిద్దడం. తలుపులన్నీ మూసి గదంతా పొగ నింపడం; ఆ పొగ పసి ఊపిరితిత్తులకు చేటు.

తల్లి విషయంలో వదలవలసింది ముఖ్యంగా పథ్యంలోని కరువు. వెల్లుల్లి కారంతో ఒక్క ముద్ద అన్నం, కూర వద్దు, పప్పు వద్దు, పెరుగు వద్దు, నీళ్ళు తక్కువ తాగాలి అనే పథ్యం పాలిచ్చే తల్లికి అన్యాయం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నిర్ణయించిన లెక్క ప్రకారం మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి మామూలుగా తినేదాని మీద రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి. మాంసకృత్తులూ ఎక్కువే కావాలి. దాహం వేసినప్పుడల్లా నీళ్ళు తాగాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పెరుగు అన్నీ తినాలి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులే. కాన్పులో మరికొంత రక్తం పోతుంది. కాన్పు తర్వాత కూడా 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలని ప్రభుత్వం ఇస్తుంది. చాలా ఇళ్ళల్లో ఆ మాత్రలు డబ్బాలోనే మిగిలిపోతాయి. "ఎప్పుడూ నీరసమే" అని ఇంట్లోవాళ్ళు విసుక్కునే బాలింతకు హీమోగ్లోబిన్ పరీక్ష చేయించినవాళ్ళు ఎంతమంది?

ఇక ఉంచుకోవలసినవి. గోరువెచ్చని నూనెతో మెత్తగా ఒళ్ళు రుద్దడం మంచిదే. వెచ్చగా ఉంచడం మంచిది. కొత్తవాళ్ళను కొన్నాళ్ళు పురిటి గదిలోకి రానివ్వకపోవడం రోగాలను దూరం పెడుతుంది. మిరియమూ శొంఠీ వేసిన వంట తల్లికి నచ్చితే తినొచ్చు. అన్నిటికన్నా విలువైనది ఒకటుంది. బాలింత పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు, బరువు ఎత్తకూడదు, ఆమె దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి అన్న కట్టుబాటు. మైల పేరుతో ఆమెను దూరంగా కూర్చోబెట్టిన అన్యాయం అందులో ఉంది, దాన్ని తీసేయవలసిందే. విశ్రాంతీ తోడూ మాత్రం అందులోని గింజ. మన కాలంలో విచిత్రమేమిటంటే నిషేధాలు నిలిచాయి, తోడు పోయింది. పెరుగు తినవద్దని ఫోనులో చెప్పే పెద్దవాళ్ళు ఉన్నారు. రాత్రి రెండింటికి బిడ్డను కాసేపు ఎత్తుకునే మనిషి లేదు.

గడ్చిరోలి, బొగోటా నేర్పిన పాఠం

తోడు అనేది సెంటిమెంటు అని ఎవరైనా అనుకుంటే, అది ప్రాణాలు నిలబెట్టిన వైద్యమని రుజువు చేసిన రెండు ప్రయత్నాలు చెబుతాను.

మొదటిది మనకు పొరుగునే ఉంది. గోదావరి, ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. సిరొంచ వైపు తెలుగు వినపడే ప్రాంతమే. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1990లలో పల్లె స్త్రీలకే పసిబిడ్డల సంరక్షణ నేర్పారు. ఆసుపత్రి దూరం, ఆనాడు కాన్పులు ఎక్కువగా ఇళ్ళల్లోనే. ఆ స్త్రీలు కాన్పు సమయంలో పక్కనే ఉండి, ఆ తర్వాత ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, బిడ్డ బరువు చూసి, ఒళ్ళు చల్లబడిందా, ఊపిరి వేగంగా ఉందా, పాలు తాగుతోందా అని కనిపెట్టారు. చీము జ్వరాలకు మందు కూడా ఇచ్చారు. మూడేళ్ళలో ఆ ఊళ్ళల్లో నెలలోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో 'లాన్సెట్' పత్రికలో అచ్చయింది. ఆ అనుభవం మీదే 2011లో దేశమంతా ఇంటి దగ్గర నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం మొదలైంది. ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్ళాలి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు.

ఆమె ఇంటిల్లిపాదికీ నేర్పవలసిన ప్రమాద సూచనలు ఈ సభలో ఉన్నవారందరూ కూడా గుర్తుపెట్టుకోండి. బిడ్డ పాలు మానేసినా, ఫిట్స్ వచ్చినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, ఒళ్ళు కాలినా, చల్లబడినా, కదిపితే తప్ప కదలకపోయినా, మొదటి రోజే పసిరికలు కనిపించినా, పచ్చదనం అరచేతులకూ అరికాళ్ళకూ పాకినా ఒక్క గంట కూడా ఆగకూడదు. ఎండలో పెట్టి, మంత్రం వేయించి, రేపు చూద్దామనుకుంటే ఆలస్యమవుతుంది. తల్లి సంగతీ అంతే. రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం వచ్చినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా, కాలి పిక్క ఒకవైపు వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రి.

రెండోది కొలంబియా రాజధాని బొగోటాలోని ఒక ప్రసూతి ఆసుపత్రి. ఇంక్యుబేటర్లు చాలక, ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురు బిడ్డలుండి, అంటురోగాలతో పసివాళ్ళు పోతుంటే, 1978లో డాక్టర్ ఎడ్గార్ రే బరువు తక్కువ బిడ్డలను తల్లుల గుండెలకు ఆనించి కట్టించారు. దాన్నే మనం కంగారూ సంరక్షణ అంటున్నాం. మొదట్లో అది పేద దేశాల సర్దుబాటుగా కనిపించింది. 2021లో ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా, భారతదేశాల్లోని అయిదు ఆసుపత్రుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. మన దేశం నుంచి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో ఉంది. 1.8 కిలోల లోపు బరువున్న బిడ్డలను పుట్టగానే, ఇంకా నిలదొక్కుకోకముందే, తల్లి గుండెల మీద ఉంచారు. ముందు ఇంక్యుబేటరులో పెట్టి తర్వాత తల్లికి ఇచ్చిన పద్ధతితో పోలిస్తే మరణాలు నాలుగో వంతు తగ్గాయి.

ఆ పరిశోధన చేయాలంటే ఒక పని తప్పనిసరి అయింది. పసిబిడ్డల అత్యవసర విభాగంలో తల్లికి మంచం వేయవలసి వచ్చింది. ఆమె వైద్యం కూడా అక్కడే జరిగింది. మన జిల్లా ఆసుపత్రుల్లో ఈనాటికీ ఏముంది? బిడ్డ అద్దాల గదిలో ఉంటే, కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్న తల్లి వరండాలో చాప మీదో బల్ల మీదో పడుకుని, పిలిచినప్పుడల్లా లేచి వెళ్ళి పాలు పిండి ఇచ్చి వస్తుంది. బిడ్డకు లక్షల రూపాయల యంత్రం కొన్నచోట, ఆ యంత్రం కన్నా బాగా పనిచేసే తల్లికి మంచం కొనలేకపోయాం.

బాలింత మనసు

బిడ్డ పుట్టిన మూడో రోజో నాలుగో రోజో తల్లికి కారణం లేకుండా ఏడుపొస్తుంది. ఇంటినిండా సంతోషం ఉన్నా వస్తుంది. తల్లుల్లో సగానికి పైగా దీన్ని అనుభవిస్తారు. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం, ఒళ్ళు నొప్పులు కలిసి తెచ్చే ఈ దిగులు రెండు వారాల్లో తగ్గిపోతుంది. మందు అక్కర్లేదు. దగ్గరకు తీసుకునే మనిషి కావాలి, నిద్ర కావాలి.

రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది వేరు. ఎప్పుడూ దిగులు, దేని మీదా ఇష్టం లేకపోవడం, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం, తను మంచి తల్లిని కాననే ఆలోచన, బిడ్డ మీద ప్రేమ కలగడం లేదన్న భయం, బతకాలనిపించకపోవడం. దీన్ని కాన్పు తర్వాతి డిప్రెషన్ అంటాం. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్ అచ్చువేసిన లెక్క ప్రకారం ఇది బాలింతల్లో నూటికి 22 మందికి వస్తోంది. అంతకు ముందే గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్, ఆయన సహచరులు చేసిన అధ్యయనంలోనూ దాదాపు అంతే తేలింది. పేదరికం, భర్త చేతి దెబ్బలు, మగపిల్లవాడి కోసం ఎదురుచూసిన ఇంట మళ్ళీ ఆడపిల్ల పుట్టడం ఈ జబ్బును పెంచుతున్నాయని ఆ అధ్యయనం చూపించింది. అంటే ఈ జబ్బులో కొంత తల్లి ఒంట్లో పుడుతుంది, కొంత మనం పుట్టిస్తున్నాం.

మన బాలింతలు "నాకు డిప్రెషన్" అని చెప్పరు. "తల బరువుగా ఉంది", "ఒళ్ళంతా మంటలు", "గుండె దడ", "పాలు రావడం లేదు" అంటారు. బిడ్డకు ఏమీ లేకపోయినా మాటిమాటికీ బిడ్డను తీసుకుని ఆసుపత్రికి వస్తారు. అలా వచ్చిన తల్లిని "అనవసరంగా కంగారు పడకు" అని పంపేయడం పిల్లల డాక్టర్లు మానుకోవాలి. "నువ్వెలా ఉన్నావమ్మా? తిన్నావా? నిద్రపోయావా?" అని అడిగి, కుర్చీ వేసి, జవాబు వినాలి. 1987లో ఎడిన్‌బరోలో తయారైన పది ప్రశ్నల పత్రం ఉంది. అయిదు నిమిషాల్లో పూర్తవుతుంది. టీకాలకు వచ్చిన ప్రతి తల్లినీ ఆ ప్రశ్నలు అడగవచ్చు. చివరి ప్రశ్న ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గురించి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందేమోనని భయపడతారు. అడగడం వల్ల పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది.

వెయ్యిమందిలో ఒకరిద్దరికి ఇంకా తీవ్రమైన జబ్బు వస్తుంది. సాధారణంగా మొదటి రెండు వారాల్లోనే, నిద్ర పూర్తిగా పోయి, లేనిపోని అనుమానాలు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడటం, బిడ్డ తనది కాదనడం మొదలవుతాయి. పల్లెల్లో దీన్ని గాలి సోకిందంటారు, తాయెత్తులు కడతారు, కొడతారు కూడా. ఇది గుండెపోటులా అత్యవసరం. ఆ రోజే మానసిక వైద్యుని దగ్గరికి చేర్చాలి. మందులతో చాలామంది పూర్తిగా కోలుకుంటారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009లో మొదలైన తల్లీబిడ్డల వార్డు దేశంలో మొదటిది. అక్కడ తల్లికి వైద్యం చేస్తూ బిడ్డను ఆమె దగ్గరే ఉంచుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మూడేళ్ళ లోపు బిడ్డను మానసిక చికిత్స పొందుతున్న తల్లి నుంచి మామూలుగా వేరుచేయకూడదని చెప్పింది.

డిప్రెషన్‌కు మాటలతో చేసే వైద్యం కూడా ఉంది. అది చేయడానికి పెద్ద చదువులున్నవాళ్ళే రానక్కర్లేదు. పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో, మన ఆశాల్లాంటి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్ళకు పంపారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి వారు వెళ్ళిన తల్లుల్లో డిప్రెషన్ 23 శాతానికి దిగింది. ఆ శిక్షణ లేని కార్యకర్తలు వెళ్ళిన తల్లుల్లో 53 శాతం దగ్గరే ఉంది. 2008లో వచ్చిన ఈ ఫలితం మన పొరుగుదేశపు పేద పల్లెలది. అక్కడ సాధ్యమైనది శ్రీకాకుళంలో, ఆదిలాబాదులో సాధ్యం కాదనడానికి కారణం లేదు.

తోడు ఎక్కడికి పోయింది

పూర్వం బాలింతకు అమ్మ, అమ్మమ్మ, పిన్ని, వదిన, మంత్రసాని ఉండేవారు. ఇప్పుడు కూకట్‌పల్లి అపార్టుమెంటులో భార్యాభర్తలిద్దరే. అమ్మకే ఉద్యోగం, లేదా అమ్మకే మోకాళ్ళ నొప్పులు. అమెరికాలో మన ఆడపిల్ల కాన్పుకి అమ్మ ఆరు నెలల వీసా మీద వెళ్తుంది, ఆ తర్వాత అత్తగారు వెళ్తారు. వీసా దొరకని ఇంట్లో తల్లి ఒక్కతే. ఆ దేశపు 1993 చట్టం 12 వారాల సెలవు ఇస్తుంది, జీతం మాత్రం ఇవ్వదు.

మన దేశంలో 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. 50 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థలో శిశుసంరక్షణ గది ఉండాలన్న నియమం వచ్చింది. ఇది గొప్ప ముందడుగు. కానీ మిరప చేలో కూలికి వెళ్ళేవారికి, ఇళ్ళల్లో పనిచేసేవారికి, బీడీలు చుట్టేవారికి ఆ సెలవు ఎవరిస్తారు? మాతృ వందన పథకం కింద తొలి కాన్పుకు వచ్చే 5,000 రూపాయలు ఎన్ని రోజుల కూలికి సరిపోతాయో మీరే లెక్క వేయండి. నెల తిరక్కుండానే పనిలోకి పోయే తల్లికి ఆరు నెలలు పాలే పట్టు అని నేను ఏ ముఖంతో చెప్పను?

తండ్రుల గురించి కూడా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగుల్లో చాలామందికి అది యజమాని దయ. సెలవు ఉన్నవారిలోనూ కొందరు దాన్ని బారసాల పనులకు వాడుకుంటారు. పాలివ్వడం తప్ప బిడ్డకు చేసే ప్రతి పనీ తండ్రి చేయగలడు. త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవడం, గుడ్డలు మార్చడం, స్నానం చేయించడం, రాత్రి ఒక జాము బిడ్డను చూసుకుని భార్యను నిద్రపోనివ్వడం. కంగారూ సంరక్షణలో తండ్రి గుండె కూడా అంతే వెచ్చగా ఉంటుంది. పసిబిడ్డ ఏడుపు ఆరో వారం దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా ఉండి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఈ సంగతి ఇద్దరికీ తెలిస్తే ఆ వారాలు ఒకరి మీద ఒకరు విసుక్కోకుండా గడుస్తాయి.

నెదర్లాండ్స్‌లో కాన్పయిన ప్రతి ఇంటికీ మొదటి వారం రోజులకు పైగా శిక్షణ పొందిన మనిషి వచ్చి రోజూ కొన్ని గంటలు ఉంటుంది. తల్లి కుట్లు చూస్తుంది, పాలివ్వడం నేర్పుతుంది, ఇంటి పనిలో సాయం చేస్తుంది. ఖర్చు ఆరోగ్య బీమాలో భాగం. పుట్టిల్లు చేసే పనిని ఆ దేశం హక్కుగా ఇచ్చింది. పుట్టిల్లు అనే గొప్ప ఏర్పాటు ఉన్న మనం దాన్ని పోగొట్టుకుని మరొకటి తెచ్చుకోలేదు.

మన వంతు

చివరిగా కొన్ని విన్నపాలు.

ప్రభుత్వానికి: ఆశా కార్యకర్త ఆరు సందర్శనలకూ కేంద్రం నిర్ణయించిన ప్రోత్సాహకం 250 రూపాయలు. ఒక తల్లినీ ఒక బిడ్డనూ ఆరు వారాలు కనిపెట్టుకున్నందుకు ఇది తగిన వెల కాదు. దాన్ని పెంచండి. ఆమె సంచిలో బిడ్డ బరువు చూసే కాటాతో పాటు తల్లి మనసును అడిగే పది ప్రశ్నల కాగితం కూడా తెలుగులో పెట్టండి. కూలి తల్లికి కనీసం మూడు నెలల కూలి ఇవ్వండి.

ఆసుపత్రులకు: పసిబిడ్డల విభాగంలో తల్లికి మంచం వేయండి. సిజేరియన్ తర్వాత కూడా గంటలోపు బిడ్డను తల్లికి అందించే బాధ్యత ఫలానా నర్సుదని పేరు రాసి పెట్టండి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు తర్వాతి సంరక్షణలో తల్లి మానసిక ఆరోగ్యాన్ని పరీక్షించమని చెప్పింది. దాన్ని ఆరో వారం టీకాల రోజున మొదలుపెట్టండి, ఖర్చు ఏమీ లేదు.

ఇళ్ళకు: చూడటానికి వచ్చేటప్పుడు బిడ్డకు గౌను తేకపోయినా పరవాలేదు, బాలింతకు ఒక పూట భోజనం తీసుకురండి. రెండు గంటలు బిడ్డను చూసుకుని ఆమెను నిద్రపోనివ్వండి. ఆడపిల్ల పుట్టిందని ఆమె ఎదుట నిట్టూర్చకండి. మీ ఇంటి బాలింత రెండు వారాలు దాటినా ఏడుస్తూ ఉంటే 14416 నంబరుకు ఫోను చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ. తెలుగులో మాట్లాడతారు.

తల్లులకు: అలసిపోవడం మీ చేతకానితనం కాదు. సాయం అడగడం మీ హక్కు.

డాక్టర్ అచ్చమాంబ గారు ప్రసూతినీ శిశుపోషణనూ ఒకే పుస్తకంలో పెట్టారు. వాటిని మళ్ళీ ఒకే వార్డులో, ఒకే పథకంలో, ఒకే ఇంట్లో కలపడమే ఆమెకు మనం చేయగల నివాళి. ఈ ఊళ్ళో ఈ నెల కాన్పయిన ప్రతి తల్లి ఇంటికీ మనలో ఒకరు వెళ్ళాలని కోరుతున్నాను.